మోరిస్ వీధి మేస్త్రి, ఒక ఇత్తడి తొడుగు

ఈ వారం చరిత్ర కబుర్లలో కొంచెం వింత విషయం ఎంచుకున్నాను. తూటాకి ఉండే ఇత్తడి తొడుగు గురించి మాట్లాడతాను. ఇదేమిటి, పిల్లలతో కలిసి వినే కార్యక్రమంలో తుపాకుల గోల అనుకోకండి. నాకు తుపాకి లేదు, కొనే ఉద్దేశమూ లేదు. నేను చదివింది మెటలర్జీ, తింటున్నది సాఫ్ట్‌వేర్ కూడు. ఇత్తడి అంటే పాత అభిమానం కొద్దీ చదువుతూ పోతే, ఆ కథ తిన్నగా మనం రోజూ నడిచే వీధిలోకి తీసుకొచ్చింది.

జెర్సీ సిటీలో ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దగ్గర పాత్ రైలు దిగి ఆఫీసులకి వెళ్ళే మనవాళ్ళు వందల్లో ఉంటారు. అక్కడికి నాలుగడుగుల దూరంలో, పాలస్ హుక్‌లో, మోరిస్ వీధి ఉంది. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు, గోల్డ్‌మన్ శాక్స్ టవరు. ఒకప్పుడు అదంతా కోల్గేట్ సబ్బుల ఫ్యాక్టరీ, గోదాములు, రైలు పట్టాలు. ఆ వీధిలో 18వ నంబరు భవనం పై అంతస్తులో హ్యారీ పోప్ అనే మనిషి 1908 ప్రాంతం నుంచి దాదాపు నలభై ఏళ్ళు తుపాకి గొట్టాలు, అంటే బ్యారెళ్ళు, తయారుచేశాడు. గురి కుదరడం అనే విద్యలో అమెరికాలో ఆయనంత పేరున్న మేస్త్రి ఇంకొకరు లేరంటారు తెలిసినవాళ్ళు.

పోప్ 1861లో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టాడు. ఎమ్మైటీలో ఇంజనీరింగ్ చదివాడు. హార్ట్‌ఫర్డ్‌లో బంధువుల కొలంబియా సైకిళ్ళ కంపెనీలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో బ్యారెళ్ళు చెయ్యడం నేర్చుకున్నాడు. చివరికి అదే వృత్తి అయింది. కొన్నాళ్ళు స్టీవెన్స్ కంపెనీలో చేశాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి దుకాణం తెరిచాడో లేదో ఏప్రిల్ 18న భూకంపం, ఆ వెంటనే మంటలు. దుకాణం పోయింది. మళ్ళీ తూర్పు తీరానికి వచ్చి మన ఊళ్ళో స్థిరపడ్డాడు. 1950లో పోయేదాకా ఇక్కడే.

ఈయనకీ ఇత్తడి తొడుగుకీ సంబంధం ఏమిటో చెప్పాలంటే ముందు తూటా సంగతి చెప్పాలి. తూటాలో నాలుగు భాగాలు. ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు రగిల్చే చిన్న బిళ్ళ (దాన్ని ప్రైమర్ అంటారు), ఈ మూడింటినీ పట్టి ఉంచే తొడుగు. పేల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. తొడుగు మాత్రం చేతిలో మిగులుతుంది. దాన్ని పారెయ్యకుండా శుభ్రం చేసి మళ్ళీ నింపుకోవడాన్నే ఇక్కడ హ్యాండ్‌లోడింగ్ అంటారు.

ఒకప్పుడు ఈ తొడుగు కాగితంతో ఉండేది. మన దేశ చరిత్రలో అందరికీ తెలిసిన తూటా అదే. 1857లో ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటా కాగితాన్ని పళ్ళతో కొరికి మందు పొయ్యాలి. దానికి రాసిన కొవ్వు ఆవుదో పందిదో అన్న వదంతి ఆ జనవరిలో కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో మొదలైంది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, మే 10న మీరట్. తరవాత జరిగింది మీకు తెలుసు. పదేళ్ళు తిరక్కముందే, 1866లో, ఎడ్వర్డ్ బాక్సర్ అనే ఆంగ్లేయ సైనికాధికారి లోహపు తొడుగు తూటాని పట్టుకొచ్చాడు. పాత ఎన్‌ఫీల్డులనే కోసి, వెనకనుంచి తూటా పెట్టేలా మార్చారు. కొరికే పని పోయింది.

ఇక్కడో తమాషా ఉంది. అదే ఏడాది హైరమ్ బెర్డన్ అనే అమెరికన్ ఇంకో రకం ప్రైమర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. బాక్సర్ పద్ధతిలో తొడుగు అడుగున మధ్యలో ఒకే రంధ్రం. సన్నటి పుల్లలాంటి సూదితో పొడిస్తే పాత ప్రైమర్ ఊడి వచ్చేస్తుంది. బెర్డన్ పద్ధతిలో పక్కగా రెండు చిన్న రంధ్రాలు, ఊడదియ్యడం కష్టం. చివరికి ఆంగ్లేయుడి పద్ధతి అమెరికాలో, అమెరికన్ పద్ధతి యూరప్‌లో స్థిరపడ్డాయి. అమెరికాలో తూటాలు ఇంట్లో నింపుకునే అలవాటు ఇంతగా పెరగడానికి ఆ ఒక్క రంధ్రం కూడా ఒక కారణం.

ఇక ఇత్తడి. తూటాలకి వాడేది నూటికి డెబ్భై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు తుత్తునాగం. ఈ పాళ్ళలో ఇత్తడి బాగా సాగుతుంది. గుండ్రటి బిళ్ళని గిన్నెలా వంచి, ఆ గిన్నెని లాగి లాగి పొడుగాటి గొట్టం చేస్తారు. కానీ ఇత్తడికి ఒక స్వభావం ఉంది. కొట్టినా, లాగినా, వంచినా గట్టిపడుతుంది. ఇంకా కొడితే పగులుతుంది. మళ్ళీ మెత్తబడాలంటే నిప్పు చూపించాలి. మన ఊళ్ళలో కంచరివాళ్ళకి ఈ సంగతి పుస్తకం చదివితే వచ్చింది కాదు. బిందె కొడుతూ కొడుతూ మధ్యలో కొలిమిలో పెట్టి తీసేది అందుకే. వరంగల్లు దారిలో పెంబర్తి పనివాళ్ళు రేకు మీద నగిషీ చెక్కేటప్పుడూ అంతే. ఇంగ్లీషులో దీన్నే అనీలింగ్ అంటారు.

ఆంగ్లేయ సైన్యం ఈ పాఠం మన దేశంలోనే నేర్చుకుంది. తుపాకి తూటాలు వానాకాలం వచ్చేసరికి ఉన్నచోటే పగిలిపోయేవి. ఎవరూ ముట్టుకోలేదు, పేల్చలేదు, అయినా తొడుగు మెడ దగ్గర నిలువుగా చీలికలు. ఋతువు మారితే వస్తోంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. తూటాలని గుర్రపుసాలల దగ్గర దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా, గాలిలో తేమ, గుండుని పట్టి ఉంచడానికి నొక్కిన మెడలో మిగిలిపోయిన బిగువు. ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. ఒక్కటి తీసేసినా చీలదు. గుర్రాలని ఆపలేరు, వానల్ని ఆపలేరు. కాబట్టి మెడకి కాస్త వేడి చూపించి బిగువు తీసేశారు. నేను ఎమ్మెస్‌లో చదివిన పాఠ్యపుస్తకంలో ఇది నాలుగు లైన్లు. మన వానలు, మన గుర్రపుసాలలు ప్రపంచానికంతా ఒక లోహపాఠం చెప్పాయని అందులో ఎక్కడా అనిపించదు.

ఇప్పుడు మళ్ళీ మోరిస్ వీధికి వద్దాం. పోప్ బ్యారెళ్ళు కొన్నవాళ్ళలో ఎక్కువమంది సైనికులు కారు, వేటగాళ్ళూ కారు. షూట్జెన్ అనే పోటీల్లో పాల్గొనేవాళ్ళు. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు తమతో తెచ్చుకున్న ఆట అది. నిలబడి, ఏ ఆధారమూ లేకుండా, 200 గజాల దూరంలో ఉన్న కాగితాన్ని కొట్టాలి. ఆదివారం కుటుంబాలతో పార్కుకి వెళ్ళడం, బ్యాండు, భోజనాలు, పాటలు, ఒక పక్క ఈ పోటీలు. మన తెలుగు సంఘం పిక్నిక్‌లో క్రికెట్ ఉన్నట్టు. నార్త్ బెర్గెన్‌లో కెనెడీ బులవార్డ్ మీద షూట్జెన్ పార్క్ పేరు మీలో కొందరు చూసే ఉంటారు. ఆ పేరు అక్కడనుంచి వచ్చిందే.

ఈ పోటీలో పోప్ పద్ధతి విచిత్రంగా ఉండేది. గుండుని ముందునుంచి, అంటే గొట్టం మూతి నుంచి, మెల్లగా లోపలికి తోసేవారు. గుండు వంకరపోకుండా మూతికి అచ్చంగా సరిపోయే చిన్న ముక్క తగిలించి తోస్తారు. అలా తోస్తే అంతకుముందు పేలిన మందు మసిని గుండు తనతోపాటు నెట్టుకుపోతుంది. గుండు అడుగు అంచు చెదరదు. ఆ తరవాత ప్రైమర్, మందు ఉన్న ఇత్తడి తొడుగుని వెనకనుంచి పెడతారు. గుండు అడుగు చెదిరితే గురి ఎంత పోతుందో మసాచుసెట్స్ డాక్టరు ఫ్రాంక్లిన్ మాన్ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి 1909లో పుస్తకం వేశాడు. ఆయన వాడిన బ్యారెళ్ళలో పోప్ చేసినవీ ఉన్నాయి.

అసలు విశేషం తొడుగులో ఉంది. ఈ పోటీదారులు పెట్టెల కొద్దీ తూటాలు తెచ్చుకునేవారు కాదు. చాలామందికి ఒకే ఒక్క తొడుగు. పేల్చగానే బల్ల మీదే పాత ప్రైమర్ ఊడదీసి, తుడిచి, కొత్తది నొక్కి, మందు పోసి మళ్ళీ అదే పెట్టేవారు. రోజంతా అదే. ఏళ్ళ తరబడి అదే. ఎందుకంటే పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ తుపాకి గది ఆకారాన్నే తెచ్చుకుంటుంది. వాడిన కొద్దీ కొలతకి కుట్టించిన జాకెట్టులా కుదురుతుంది. ఇంకో తొడుగు పెడితే మందం వేరు, లోపలి చోటు వేరు. కొందరు తొడుగు మీద గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అదే వైపుగా పెట్టేవారు. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు ఒక్కటి తప్ప మిగతావేవీ మార్చకూడదన్న సూత్రం అది. 1901లో కొలరాడోలో రోలండ్ అనే ఆయన పోప్ బ్యారెల్‌తో 200 గజాలనుంచి ఆధారం మీద పెట్టి పది గుండ్లు కొడితే, పదీ ముప్పావు అంగుళంలోపే పడ్డాయి. సీసపు గుండ్ల కాలంలో, కంప్యూటర్ కొలతలు లేని రోజుల్లో!

తరవాత రోజుల్లో గుండు తొడుగు మెడలోనే ఇమిడి ఉండే మామూలు తూటాలతోనే గురి సాధించాలనుకున్నవాళ్ళు వచ్చారు. ఒక్క తొడుగుతో వచ్చే లాభాన్ని వంద తొడుగుల్లో తేవాలి. అందుకే అంత చాకిరీ. తూకం వేసి ఒకే బరువున్నవి ఏరుతారు. సాగిన పొడుగుని కోసి సమం చేస్తారు. మెడ చుట్టూ మందం ఒకేలా ఉండేలా సన్నగా చెక్కుతారు, ఒక పక్క మందంగా ఉంటే గుండు నడిమధ్యన కూర్చోదు. అడుగు రంధ్రం అంచున ఉన్న బెరుకులు తీసేస్తారు, నిప్పు సమంగా అంటుకోవాలని. నాలుగైదుసార్లు వాడాక మెడ గట్టిపడుతుంది కాబట్టి మళ్ళీ కొలిమి పాఠమే. పాత పద్ధతిలో తొడుగులని పళ్ళెంలో నీళ్ళలో నిలబెట్టి, పైకి తేలిన మెడకి మాత్రం మంట చూపించేవారు. అడుగు మెత్తబడితే పేలుడు ఒత్తిడిని ఆపలేదు, మనిషికే ప్రమాదం. మెడ మెత్తగా, అడుగు గట్టిగా, అదీ లెక్క.

ఇదంతా కాగితం మీద చిల్లు కోసం. కానీ జెర్సీ సిటీ కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు.

1916లో యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా ఇంకా దిగలేదు, సరుకు మాత్రం అమ్ముతోంది. పోప్ దుకాణానికి దక్షిణంగా, ఇప్పటి లిబర్టీ స్టేట్ పార్క్ ఉన్నచోట, బ్లాక్ టామ్ అనే రేవు ఉండేది. జులై 30 తెల్లవారుజామున 2 గంటల 8 నిమిషాలకి అక్కడ రైలు పెట్టెల్లో, పడవల్లో ఉన్న సుమారు 20 లక్షల పౌన్ల మందుగుండు పేలింది. మాన్‌హట్టన్‌లో కిటికీలు రాలిపోయాయి. లిబర్టీ విగ్రహం చేతిలోని దివిటీలోకి అప్పటినుంచి సందర్శకులని ఎక్కనివ్వడం లేదు. చనిపోయిన కొద్దిమందిలో జెర్సీ సిటీలో ఉయ్యాలలోంచి పడిపోయిన చంటిబిడ్డ కూడా ఉంది. ఆరు నెలలు తిరక్కుండా, 1917 జనవరి 11న, ఇప్పటి లిండ్‌హర్స్ట్ దగ్గర కింగ్స్‌లాండ్‌లో ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీ కాలిపోయింది. మంట మొదలైంది గుండ్లని గాసోలీన్‌తో తుడిచి శుభ్రం చేసే షెడ్డులో. పద్నాలుగు వందలమంది పనివాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. టెస్సీ మెక్‌నమారా అనే టెలిఫోన్ ఆపరేటరు తన సీటు వదలకుండా అన్ని భవనాలకీ హెచ్చరిక చెప్పింది. రెండూ జర్మనీ ఏజెంట్ల పనేనని 1939లో కమిషన్ తేల్చింది. నష్టపరిహారం చివరి వాయిదా అందింది 1979లో.

ఈ యుద్ధం పోప్ ఖాతాదారులని కూడా మింగింది. జర్మన్ల మీద లేచిన ద్వేషంలో షూట్జెన్ క్లబ్బులు చాలావరకు మూతపడ్డాయి. ఆదివారం పిల్లలతో పార్కుకి వెళ్ళే వలస కుటుంబాలు తమ భాష గట్టిగా మాట్లాడటానికి జంకిన రోజులవి. వాళ్ళలో రేవు పేల్చినవాళ్ళు ఎందరు? వేళ్ళ మీద లెక్క. అనుమానం మాత్రం అందరి మీదా. ఈ మాట 2001 తరవాత ఇక్కడ ఉన్న మనవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మా అబ్బాయి బళ్ళో లాక్‌డౌన్ డ్రిల్ చేస్తారు. బల్ల కింద చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం వాడికి ఎక్కాలతోపాటు వచ్చింది. అలాంటి ఇంట్లో తుపాకి మేస్త్రిని మెచ్చుకోవచ్చా అని మా ఆవిడ అడిగింది. నేను చెప్పిన జవాబు ఇది. పనితనాన్ని మెచ్చుకోవచ్చు, కానీ అది ఎక్కడికి పోతుందో చూడకుండా మెచ్చుకోకూడదు. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, ఒకే లోహం. మోరిస్ వీధి మనుషులకి ఒక్క తొడుగు జీవితమంతా సరిపోయేది. దాని బరువు, దాని మెడ, దాని గుర్తు వాళ్ళకి తెలుసు. రేవులో లక్షల తూటాలు, ఏది ఎవరికి తగులుతుందో నింపినవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఇత్తడి రెంటికీ సాక్షి. దానికి మాత్రం మంచీ చెడూ లేవు.

ఈసారి లిబర్టీ స్టేట్ పార్క్‌కి వెళ్ళినప్పుడు నీళ్ళ పక్కన బ్లాక్ టామ్ ఫలకం దగ్గర ఆగి పిల్లలకి చదివి వినిపించండి. ఇంట్లో అమ్మమ్మ ఇచ్చిన మరచెంబు ఉంటే బయటికి తీసి చూపించండి. రెండు కథలూ ఒకే లోహానివని చెప్పండి. వచ్చే వారం ఇంకో కబురుతో కలుద్దాం. అంతవరకు సెలవు.