పట్టికలో లేని బలం

పాచికలు వేస్తూ, పాత్రలై మాట్లాడుతూ కథ అల్లుకునే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 1974లో అమెరికాలో వచ్చింది. దాని 1978 నాటి నియమాల పుస్తకంలో నన్ను ఆపింది ఒక పట్టిక: ఏ జాతిలోనైనా స్త్రీ పాత్ర గరిష్ఠ బలం పురుష పాత్రకంటే తక్కువే. డ్రాగన్లు తిరిగే ఊహాలోకంలో కూడా! 1989 కూర్పులో ఆ హద్దు తీసేశారు. హద్దు పోయినంత మాత్రాన స్త్రీ అనుభవం ఆటలోకి రాదు.

2017లో విట్నీ బెల్ట్రాన్, మరిస్సా కెల్లీ, సారా రిచర్డ్‌సన్ ‘బ్లూబియర్డ్స్ బ్రైడ్’ రూపొందించారు. భార్యల్ని చంపే భర్త పాతకథే మూలం. ఆడేవాళ్లంతా కలిసి ఒకే వధువు. ఒక్కొక్కరు ఆమె మనసులో ఒక్కో పార్శ్వం. గదిగదిలో చూసినదాన్ని బట్టి భర్త ఎలాంటివాడో తేల్చుకోవాలి. కళ్లారా చూసినదాన్ని నమ్మగలగడమే ఇక్కడ ఆమె బలం. 1978 పట్టికలో ఈ బలానికి గడి లేదు.