పరిచయం సంతకం

1986లో విజయవాడ పటమటలో ఒక బ్యాంకు బ్రాంచిలో క్లర్కుగా చేరిన రోజున మా హెడ్ క్లర్కుగారు నాకు ఒకటే చెప్పారు: "ఫారంలో ఏం లేకపోయినా ఫర్లేదు, పరిచయం సంతకం మాత్రం చూడు." పాత ఖాతాదారు ఒకరు "ఈయన నాకు తెలుసు" అని సంతకం చేస్తే కొత్త ఖాతా తెరిచినట్టే. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీకి స్పేర్‌పార్ట్స్ షావుకారు పూచీ, పటమటలంక రైతుకు ఎరువుల కొట్టాయన పూచీ.

ఆ నమ్మకానికి బ్యాంకుల కన్నా వయసెక్కువ. హుండీ అనగానే మనకు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి హుండీ గుర్తొస్తుంది. వ్యాపారులకు మాత్రం హుండీ అంటే కాగితం. దర్శనీ హుండీ చూపిస్తే వెంటనే సొమ్మిచ్చేవారు, ముద్దతీ హుండీకి గడువు తీరాక. అందులో దొంగతనం లేదు. 1973లో ఫెరా చట్టం విదేశీ మారకాన్ని బిగించాక, అదే నమ్మకం చాటుదారి పట్టి హవాలా అయింది. గల్ఫ్‌లో దిర్హాములు కడితే ఇక్కడ గుమ్మంలోకి రూపాయలొచ్చేవి, బ్యాంకు రేటు కన్నా కాస్త ఎక్కువకే. రసీదు ఉండదు, పది రూపాయల నోటు మీది నంబరే గుర్తు. డబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది, లెక్క మాత్రం సముద్రం దాటుతుంది.

ఇంటికి డబ్బు పంపే కూలీ నడిచిన దారినే తుపాకీ కొనేవాడూ నడవగలడని దేశానికి 1991లో తెలిసొచ్చింది. ఢిల్లీలో ఒక కశ్మీరీ మిలిటెంటు పట్టుబడ్డాడు. అతనికి డబ్బెలా అందిందని కూపీ లాగితే సీబీఐకి జైన్ సోదరులనే వ్యాపారుల డైరీలు దొరికాయి. వాటిలో పెద్ద నాయకుల పేర్ల పొడి అక్షరాలు! ఆ గొడవలో తీవ్రవాది సంగతి వెనక్కి పోయింది. దర్యాప్తు నత్తనడకన సాగుతోందని పాత్రికేయుడు వినీత్ నారాయణ్ వేసిన కేసులో 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. విదేశీ మారకం నేరాలు చూసే ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం డైరెక్టరుకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలంది. 1956లో పుట్టిన ఆ విభాగానికి అదో వెన్నుదన్ను.

2001 సెప్టెంబరు 11 తర్వాత లోకమే మారింది. ఆ రోజు అమెరికా మీద జరిగిన దాడికి ఖర్చయింది 4 నుంచి 5 లక్షల డాలర్లేనని అమెరికా కమిషన్ లెక్క కట్టింది. నల్లడబ్బు పట్టేవాడికి పెద్ద మొత్తాలు కనబడతాయి, తీవ్రవాదుల డబ్బులో వెతకాల్సింది చిన్న మొత్తాలను. పైగా అది కష్టార్జితం కూడా కావచ్చు, పాపమంతా చేరే చోటులో ఉంటుంది.

2002 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో తెలుసుకునే నిబంధనలు తెచ్చింది. 2004 నవంబరులో వాటిని బిగించినప్పుడు గవర్నరు మన కడప జిల్లా మనిషి, వై.వి. రెడ్డిగారు. ఆ నెలలోనే ఢిల్లీలో ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వెలిసింది. మనీలాండరింగ్ నిరోధక చట్టం 2005 జులై 1న అమల్లోకొచ్చింది. 2010 జూన్‌లో నల్లడబ్బు, తీవ్రవాద నిధుల మీద నిఘాకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ బృందం ఎఫ్‌ఏటీఎఫ్‌లో భారత్ సభ్యదేశమయ్యే నాటికి గవర్నరు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారు.

ఢిల్లీ అధికారికి కన్నూ చెవీ కౌంటర్లో కూర్చున్న మేమే. 10 లక్షలు దాటిన నగదుకు నెలనెలా నివేదిక పంపాలి. అనుమానం తగిలితే మరో నివేదిక. ఆ సంగతి ఖాతాదారుకు చెప్పకూడదు. రోజూ "బాగున్నారా" అని పలకరించే మనిషి గురించి గుట్టుగా రాసి, మర్నాడు మళ్లీ బాగున్నారా అనాలి. నా ఉద్యోగంలో నన్ను ముల్లులా గుచ్చింది అదే.

రిటైరయ్యే ముందు ఏడాది, ఆటోనగర్ మెకానిక్ కుర్రాడొకడు ఖాతాకు వచ్చాడు. ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలో ఉన్న ఒక పేరుతో వాడి పేరు కలిసిందని కంప్యూటరు ఆగిపోయింది. కారణం చెప్పకుండా కూర్చోబెట్టాను. "ఏం సార్, నా పేరేమైనా బాగాలేదా? మా తాత పెట్టాడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పాత రిజిస్టరు తీయించాను. వాళ్ల నాన్న ఖాతా 1987 నాటిది. పరిచయం సంతకం స్పేర్‌పార్ట్స్ షావుకారుది, కింద సరిచూసిన పొట్టి సంతకం నాది. నా అనుమానం అక్కడే తీరిపోయింది. కంప్యూటర్లో ఆ మాట రాయడానికి గడి లేదు. "జాబితాలోని పుట్టినతేదీ, తండ్రి పేరు కలవలేదు" అని కొట్టి, కుర్రాడి ఖాతా తెరిచాను.