పోలీసు గడప దాటిన నాడు

“ఇంటి గుట్టు లంకకు చేటు” అను సామెత మన మెరిగినదే. భార్యపై భర్త చేయి చేసుకొన్నపుడు పోలీసులును చిరకాలము ఈ నీతినే పాటించిరి. అది ఎంతవరకు మేలు చేసినదో తెలుపు ఒక చరిత్రను శ్రోతలకు నివేదించుచున్నాము.

అమెరికాలోని మినియాపొలిస్ నగరమున 1981-82లో ఒక పరీక్ష జరిగినది. తీవ్రగాయములు లేని కేసులలో అరెస్టు చేయుట, ఎనిమిది గంటలు ఇంటినుండి పంపివేయుట, హితవు చెప్పుట అను మూడింటిలో ఏది చేయవలెనో చేతిలోని రంగు కాగితముల వరుసయే నిర్ణయించెను. ఆరు మాసములలో, పోలీసు లెక్కల ప్రకారము, మరల దౌర్జన్యమునకు దిగినవారు అరెస్టయినవారిలో నూటికి 10, హితవు విన్నవారిలో 19, పంపివేయబడినవారిలో 24. 1984లో ఈ ఫలితము వెలువడిన పిమ్మట అనేక రాష్ట్రములు అరెస్టువైపు మొగ్గినవి. కాని తరువాత మిల్వాకీ నగరమున జరిగిన పరీక్షలో, ఉద్యోగము లేనివారి విషయమున అరెస్టు హింసను పెంచినట్లు తేలినది.

కనుక సంకెల యొక్కటే చాలదు. పోలీసు వెడలిన మరునాడు ఆ యిల్లాలికి దిక్కెవరన్నదే ప్రశ్న. మన దేశమున 2005 నాటి గృహహింస చట్టము, 5వ సెక్షనులో, రక్షణ ఉత్తర్వు, ఉచిత న్యాయసహాయము మొదలగు హక్కులను బాధితురాలికి తెలుపుట పోలీసు అధికారి విధి యని శాసించినది. తలుపు తట్టిన పోలీసు ముందుగా పలుకవలసినది “సర్దుకొనుము” అని కాదు; ఈ మాటయే.