నెహ్రూ సాక్షి సంతకం పెట్టిన పెళ్లి

1953 జనవరి 22. ఢిల్లీలో రిజిస్టరు పెళ్లి. బాజాభజంత్రీలు లేవు. పెళ్లికూతురికి 43 ఏళ్లు, పెళ్లికొడుక్కి 57. సాక్షి సంతకం చేసింది ప్రధాని నెహ్రూ. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని ఇదే నెహ్రూను ఆపేసిన 14 ఏళ్ల వాలంటీరు పిల్ల ఈ పెళ్లికూతురే. పేరు దుర్గాబాయి.

రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక, ఆ కాపురం తనవల్ల కాదని భర్త సుబ్బారావుతో సూటిగా చెప్పి, వేరే పెళ్లి చేసుకోమన్నారు. ఆయన మాయమ్మను చేసుకున్నారు. సుబ్బారావు పోయాక ఆ మాయమ్మను చేరదీసి, చేతిపని నేర్పించి నిలబెట్టిందీ దుర్గాబాయే.

ఉప్పు సత్యాగ్రహం ఆమెను జైలుకు పంపింది. మదురై జైల్లో ఒంటరి కొట్టు. పలకరించే మనిషి లేడు, ఆరోగ్యం చెడింది. బయటికొచ్చి మెట్రిక్ నుంచి మొదలుపెట్టి లా దాకా చదివారు. ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. పగలంతా చుట్టూ జనమే. దీపం ఆర్పాక ఎవరున్నారు? ఆమె సేవను ఇన్నేళ్లుగా పొగుడుతున్న మనం ఆ మాట అడగనే లేదు.

అటు పెళ్లికొడుకు చింతామన్ దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, అప్పటికి ఆర్థికమంత్రి. ఆంగ్లేయురాలైన భార్య రోజీనా 1949లో కన్నుమూశారు. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం చదివిన మనిషికి మొక్కలూ సంస్కృత శ్లోకాలే తోడు.

తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓడిన దుర్గాబాయి 1952లో ప్రణాళికా సంఘంలోకి వచ్చారు. అందులో ఆయనా సభ్యుడే. ఆడవాళ్లకూ పిల్లలకూ పనిచేసే సంస్థలకు డబ్బు కావాలని ఆమె పట్టు. ఖజానా తాళాలు ఆయన చేతిలో. మొదటి ప్రణాళికలో వాటికి 4 కోట్ల రూపాయలు దక్కాయి. ఆ లెక్కల మధ్యే ఇద్దరికీ మాటలు కలిశాయి.

నలభై దాటిన ఆడమనిషి మళ్లీ తోడు వెతుక్కుంటే ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లోనూ కొల్లేరు లంకల్లోనూ ఇప్పటికీ బుగ్గలు నొక్కుకునేవాళ్లున్నారు. 1953లో ఎన్ని చెవులు కొరుక్కున్నారో! ఆమె చేసిన అన్ని సాహసాల్లోకీ ఇదే పెద్దదంటాను.

1956లో రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి నగరం ఎవరిదన్న గొడవ మీద ప్రభుత్వంతో పడక దేశ్‌ముఖ్ మంత్రి పదవి వదిలేశారు. అది చిన్న దెబ్బ కాదు. కానీ 1949లో లాగా కాదు, ఈసారి ఇంట్లో మనిషి ఉంది. తర్వాత ఇద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. 1975లో ఇద్దరికీ ఒకేసారి పద్మవిభూషణ్ వచ్చింది. 1980లో ఆమె జ్ఞాపకాల పుస్తకం వెలువడింది, పేరు ‘చింతామన్ అండ్ ఐ’. మరుసటి ఏడాది మే 9న ఆమె పోయారు. ఆయన 1982 అక్టోబరు 2న.