కర్ణుడి పేచీ, కెనోబీ పేచీ

రెండేళ్ళ వ్యవధిలో అల్ ఖోర్‌లోని మన తెలుగు ఇళ్ళలో ఒకే తగాదా రెండుసార్లు జరిగింది. మొదటిది 2022 జూన్‌లో, "ఓబీ వాన్ కెనోబీ" అనే టెలివిజన్ ధారావాహిక మీద. రెండోది 2024 జూన్ చివర్లో, "కల్కి 2898 ఏ.డి." చిత్రం మీద. మొదటిసారి "కథే కదా, ఎలా మార్చుకుంటే మనకేం?" అన్న పెద్దలే రెండోసారి "భారతాన్ని ముట్టుకోవడానికి వీళ్ళెవరు?" అన్నారు. మొదటిసారి మండిపడిన కుర్రకారు రెండోసారి ఈలలు వేసింది. ఈ తారుమారు మాకు వింతగా తోచి, దాని పూర్వాపరాలు కొంచెం తవ్వి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కెనోబీ ఎవరో తెలియని పెద్దల కోసం ముందుగా ఒక మాట. 1977 మే 25న అమెరికాలో విడుదలైన "స్టార్ వార్స్" చిత్రంలో, ఎడారి గ్రహం మీద అజ్ఞాతంగా కాలం గడిపే ముసలి యోధుడు ఆయన. ఆ వేషం అలెక్ గిన్నిస్ వేశారు. 1999 నుంచి 2005 దాకా వచ్చిన మూడు చిత్రాలు అంతకు ముందు జరిగిన కథ చెప్పాయి. వాటిలో పడుచు కెనోబీగా యువాన్ మెక్‌గ్రెగర్ నటించారు. ఆయన చేతి కింద పెరిగిన శిష్యుడు అనాకిన్ అధర్మపక్షం చేరి, గురువుతోనే యుద్ధం చేసి, కాళ్ళూ చెయ్యీ పోగొట్టుకుని, మంటల్లో కాలి, నల్ల ముసుగు వెనక డార్త్ వేడర్ అయ్యాడు. అక్కడి నుంచి 1977 చిత్రం మొదలయ్యే వరకు, కథాకాలంలో పంతొమ్మిదేళ్ళు, గురువుగారు ఏం చేశారో వెండితెర మీద ఎవరూ చెప్పలేదు. 2022లో వచ్చిన ఆరు భాగాల ధారావాహిక ఆ నిశ్శబ్దంలోకి అడుగుపెట్టింది. ప్రసారం మే 27న మొదలైంది. ఖతర్‌కు డిస్నీ వారి సేవ వచ్చింది జూన్ 8న, సరిగ్గా నాలుగో భాగం విడుదలైన రోజు. కాబట్టి ఇక్కడివారు మూడు భాగాలు ఒక్క ఊపున చూసి, అదే వేడి మీద వాదనకు దిగారు.

వాదన ప్రపంచమంతటా ఒకే తీరున నడిచింది. పదేళ్ళ లేయాను కెనోబీ స్వయంగా కాపాడి ఉంటే, 1977 చిత్రంలో ఆమె తన తండ్రికి పాత సహచరుడని మాత్రమే చెప్పి ఆయనకు కబురు పంపడమేమిటని ఒక పక్షం నిలదీసింది. విరిగిపోయిన గురువు తన శిష్యుడికి మళ్ళీ ఎదురుపడడం చూస్తే గొంతు పూడుకుపోయిందని ఇంకో పక్షం చెప్పుకుంది. పేచీ అక్కడితో ఆగి ఉంటే ఏ చిక్కూ లేదు. కొత్త పాత్ర వేసిన నల్లజాతి నటి మోజెస్ ఇన్‌గ్రామ్‌కు జాతి పేరెత్తి తిట్లు వచ్చిపడ్డాయి. అలాంటి సందేశాలు పంపేవాళ్ళు తమ అభిమానులే కాదని మెక్‌గ్రెగర్ బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. ఒంటి రంగు చూసి మనిషిని లెక్కకట్టడమంటే ఏమిటో పరాయిదేశంలో బతికే మనకు ఒకరు విడమరిచి చెప్పనక్కర లేదు. సంబంధాలు చూసేటప్పుడు మనవాళ్ళు చేసేదీ అదేననుకోండి, ఆ సంగతి మరోసారి.

ఇందులో మాకు తమాషాగా కనిపించినది వేరే ఉంది. 1999 తరవాత వచ్చిన మూడు చిత్రాలనూ, 1977 చిత్రాన్ని చిన్నప్పుడు చూసినవాళ్ళు తెగ వెక్కిరించారు. అనాకిన్ వేసిన హేడెన్ క్రిస్టెన్సెన్ నటనను ఎగతాళి చేశారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, ఆ చిత్రాలు చూస్తూ పెరిగిన పిల్లలు పెద్దవాళ్ళై, అదే క్రిస్టెన్సెన్ 2022లో తిరిగి వస్తే చప్పట్లు కొట్టారు. పదేళ్ళ వయసులో చూసినదే ఎవరికైనా మూలగ్రంథం. మిగిలినవన్నీ ప్రక్షిప్తాలు.

ఇక మన సంగతి. ఆ 1977లోనే, "స్టార్ వార్స్" కంటే నాలుగు నెలల ముందు, సంక్రాంతి నాడు, జనవరి 14న, తెలుగునాట ఇద్దరు కర్ణులు ఒకే రోజు దిగారు. "కురుక్షేత్రం"లో కృష్ణంరాజు. "దానవీరశూర కర్ణ"లో నందమూరి తారక రామారావు, అదీ కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయి, నిర్మాణ దర్శకత్వాలు కూడా తానే వహించి. గెలిచింది రెండోది. నాలుగు గంటలకు కాస్త తక్కువైన ఆ చిత్రాన్ని మన తల్లిదండ్రుల తరం మళ్ళీ మళ్ళీ చూసింది. కొండవీటి వెంకటకవి గారు రాసిన సంభాషణలు ఊళ్ళలో జనానికి కంఠతా వచ్చేశాయి. దుర్యోధనుడికి యుగళగీతమా అని నొసలు చిట్లించినవారూ ఉన్నారు.

అందులోని కర్ణుడు కవిత్రయం కర్ణుడేనా అంటే, సగమే. భారతంలో ద్రౌపది వలువలు ఒలవమని నిండుసభలో పలికింది కర్ణుడు. ఘోషయాత్రలో గంధర్వుల ధాటికి రాజును విడిచి తప్పుకున్నది కర్ణుడు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడొక్కడి చేతిలో ఓడినవారిలోనూ ఉన్నాడు. వీటిని వెనక్కి నెట్టి, దానాన్నీ స్నేహాన్నీ ముందుకు తెచ్చారు. ఈ పని తారక రామారావుతో మొదలు కాలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు "కురుక్షేత్ర సంగ్రామం" నాటకంలో కౌరవపక్షాన నిలబడి అప్పటికే దుమారం రేపారు. 1964లో తమిళ "కర్ణన్" వచ్చింది. అందులో శివాజీ గణేశన్ కర్ణుడైతే, కృష్ణుడు మన రామారావే.

అయినా 1977 నాటి మార్పుకు ఒక ప్రయోజనం కనిపిస్తుంది. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనంలో కృపుడు కులగోత్రాలు అడగడం, భీముడు సూతపుత్రుడని ఎగతాళి చేయడం మూలంలో ఉన్నవే. ఆ ఘట్టాన్ని పట్టుకుని దుర్యోధనుడి నోట కులాన్ని నిలదీయించారు. కర్ణుణ్ణి మళ్ళీ పిలిచింది ఆ ప్రశ్న అడిగించడానికి.

2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రంలో కర్ణుణ్ణి ఏ ప్రశ్న కోసం పిలిచారు? చివర్లో భైరవుడి చేతికి విల్లు వస్తుంది, ప్రభాసే కర్ణుడని తెలుస్తుంది, హాలు దద్దరిల్లుతుంది. (కృష్ణంరాజు గారి తమ్ముడి కొడుకు నలభై ఏడేళ్ళ తరవాత అదే వేషం కట్టడం మాకూ ముచ్చటే.) కానీ అది కథానాయకుడి ప్రవేశం కోసం దాచిన పేరు మాత్రమే. అర్జునుడికంటే కర్ణుడు మిన్న అని ధ్వనించగానే పేచీ మొదలైంది. గరికిపాటి నరసింహారావు గారు ప్రసంగంలో ఆక్షేపించారు. బి.ఆర్. చోప్రా "మహాభారత్"లో భీష్ముడు వేసిన ముకేశ్ ఖన్నా కథను మార్చారని తప్పుపట్టారు. మార్చడమే నేరమైతే 1957 నాటి "మాయాబజార్"ను ఎక్కడ పెడతాం? శశిరేఖా పరిణయం వ్యాసుడిలో లేనే లేదు. అభిమన్యుడు ఉత్తరను పెళ్ళాడిన నాడు శశిరేఖ గతేమిటని తెలుగువాడు ఎవడూ అడగలేదు. మార్పును కాదు, దేని కోసం మార్చారన్నదాన్నే తూచాలని మా అభిప్రాయం. ఆ లెక్కన కెనోబీ ధారావాహిక, అతుకులు ఎన్ని ఉన్నా, కర్ణుడి కంటే మెరుగు. చేతులారా తీర్చిదిద్దిన శిష్యుడు క్రూరుడైతే గురువు ఎలా బతకాలని అది అడిగింది. ద్రోణుణ్ణి ఆ మాట అడిగినవారు మనలో తక్కువ.

"కల్కి"లో నిజంగా అడిగిన ప్రశ్న ఒకటుంది. దాని మీద మాత్రం ఎవరూ కొట్లాడుకోలేదు. అశ్వత్థామ సౌప్తిక పర్వంలో నిద్రపోతున్న ఉపపాండవులను చంపినవాడు. తరవాత ఉత్తర గర్భం మీదికి అస్త్రం మళ్ళించినవాడు. వ్యాసుడు అతనికి మూడు వేల ఏళ్ళ తిరుగుడు శాపం చెబితే, జనం దాన్ని కలియుగాంతం దాకా పొడిగించారు. చిత్రంలో కృష్ణుడు అతనికి అప్పగించే పని ఒక తల్లి గర్భాన్ని కాపాడటం. ఏ గర్భం మీద చెయ్యి ఎత్తాడో అలాంటి గర్భానికే కాపలా. ఎనభై ఒకటో ఏట అమితాబ్ బచ్చన్ ఆ భారం మోసిన తీరు మరచిపోలేం. ఇక్కడి పిల్లలకు అశ్వత్థామ అంటే నుదుట గాయంతో ఉన్న మంచి తాతయ్య. శిబిరంలో ఆ రాత్రి ఏం జరిగిందో తెలియకపోతే, ఆ తాతయ్య ఎందుకంత కాలం కాపలా కాస్తున్నాడో వాళ్ళకు అందదు. కర్ణుడా అర్జునుడా అని వారం రోజులు వాదించుకున్న ఇళ్ళలో, మేము ఎరిగినంతవరకు, ఆ రాత్రి కథ చెప్పిన ఇల్లు ఒక్కటీ లేదు.