రక్తం రిపోర్టు వచ్చేలోపే డిశ్చార్జి

2012 మార్చిలో న్యూయార్క్‌ల రోరీ స్టాంటన్ అనే 12 ఏండ్ల పిల్లగాడు బడిలో బంతాట ఆడుతూ పడితే మోచెయ్యి గీరుకుపోయింది. పట్టీ వేసిన్రు. మన సైట్ల రాడ్డు గీరినా మనం చేసేది గంతే గదా.

తెల్లారి జ్వరం, వాంతులు. ఎమర్జెన్సీల సెలైన్ ఎక్కించి, కడుపుల తేడా అని ఇంటికి పంపిన్రు. రక్తం రిపోర్టు తర్వాత వచ్చింది, తెల్లకణాల లెక్క తప్పింది. ఇంటికి ఒక్క ఫోన్ పోలే! ఏప్రిల్ 1న పాణం పోయింది. దెబ్బ నుంచి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది, సెప్సిస్ అంటరు. జ్వరంతోని ఆస్పత్రికి పోతే పాత దెబ్బ కూడ చూపెట్టుర్రి.

అమ్మానాన్నలు ఊకోలే, కొట్లాడిన్రు. 2013ల ఆ రాష్ట్రం పిల్లగాని పేరుమీదనే రూల్స్ తెచ్చింది. సెప్సిస్‌ను ఆస్పత్రులు జల్ది గుర్తువట్టాలె. పిల్లల ముఖ్యమైన రిపోర్టులు డాక్టరు చూసి, ఇంటోళ్లకు చెప్పినంకనే డిశ్చార్జి.