ఏలూరు తివాచీలో అంచు గీత

గోల్కొండ కుతుబ్‌షాహీల పాలన ముగింపుకు వస్తున్న 1679లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ కోస్తాలోని కంపెనీ వ్యవహారాలను తనిఖీ చేస్తూ ఏలూరు వచ్చి, అక్కడి తివాచీ నేతను తన దినచర్య గ్రంథంలో వర్ణించాడు. నేతగాళ్లు నూరేళ్లకు పైగా క్రితం వలసవచ్చిన పర్షియన్ల సంతతి అని, నిలువు మగ్గాల మీద ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు పనిచేస్తుండగా కాగితంపై గీసిన నమూనాతో ఒకడు తివాచీ వెనుక నిలబడి ఏ రంగు ఎంత వేయాలో చెబుతుండేవాడని, వేసిన ప్రతి పోగునూ కత్తెరతో కత్తిరించేవారని అతడు రాశాడు.

పడుగు దారాలకు చుట్టి కత్తిరించిన ఉన్ని తునకను ముడి అంటారు. విడిగా చూస్తే అది ఒక రంగు చుక్క మాత్రమే. పువ్వులో రేకుగా తేలడమో, నేపథ్యమైన నేల రంగులో కలిసిపోవడమో పక్క ముడులను బట్టి ఉంటుంది. లేత రంగు ఆకృతి దాదాపు అదే ఛాయ గల నేల మీద కంటికి ఆనాలంటే ఏదో ఒక ఆసరా కావాలి. ఏలూరుకు దగ్గరి రేవైన మచిలీపట్నం పేరుతో ప్రసిద్ధికెక్కిన పాత తివాచీలలో ఆకృతుల చుట్టూ తిరిగే సన్నని గీత, పక్క రంగులతో పొంతన చెడకుండానే భేదం చూపుతూ, ఆ ఆసరా అయింది. భారతీయ హస్తకళలపై 1880లో వెలువడిన జార్జ్ బర్డ్‌వుడ్ గ్రంథం, ఇంగ్లండు వర్తకులు చవకగా, త్వరగా కావాలని పట్టుబట్టడంతో ఆ తివాచీల పనితనం దెబ్బతిన్న తీరును చెబుతూ ఈ గీత లోపించడాన్నీ పేర్కొంది.

పక్క రంగులను బట్టి రంగు రూపు మారుతుందన్న, నేతగాళ్లకు చేతి అలవాటుగా అబ్బిన ఈ నియమాన్ని ఫ్రాన్సులో మిషెల్ యూజీన్ షెవ్రేల్ 1839లో శాస్త్రంగా నిరూపించాడు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల అధిపతిగా ఉన్న అతడు, నలుపు రంగు వెలవెలబోతోందన్న ఫిర్యాదుకు కారణం అద్దకంలో కాక పక్కన వేసిన రంగులలో ఉందని గుర్తించాడు. ఇరుగుపొరుగు రంగులు ఒకదాని రూపును మరొకటి మార్చడాన్ని ఏకకాల వైరుధ్యమనీ, ముందు చూసిన రంగు తరువాతి చూపును మార్చడాన్ని క్రమానుగత వైరుధ్యమనీ విడదీశాడు. వరుసగా ఎర్రబట్టలే చూపిస్తే చివరివి కొనుగోలుదారుకు వన్నె తగ్గినట్టు కనిపిస్తాయని, నడుమ ఆకుపచ్చ చూపితే కన్ను తేరుకుంటుందని కూడా అతడు చెప్పాడు. గంటల తరబడి ఒకే నేల రంగును చూసే నేతగాడి కన్నూ ఈ నియమానికి లోబడినదే.

పరిసరాల ప్రభావం రంగులతో ఆగదు. మసక గీతకు ఇరువైపులా, తగినంత దూరంలో, అదే దిశలో స్పష్టమైన గీతలుంటే అది సులభంగా కనిపిస్తుందని, అవి మరీ దగ్గరైతే మరుగున పడుతుందని దృష్టి పరిశోధకులు యూరి పోలట్, డోవ్ సాగి 1993లో చూపారు.

ఈ వెలుగులో చూస్తే తివాచీల క్షీణతను నాసిరకం నూలుకో, కొత్త రసాయనిక రంగులకో మాత్రమే ఆపాదించడం చాలదు. అంచు గీత పువ్వూ కాదు, నేలా కాదు. దానికి పట్టే ముడులు, శ్రమ మాత్రం ఖర్చులో లెక్కకు వస్తాయి కనుక, ధర తగ్గించాలన్నప్పుడు అది అనవసరమైన అలంకారంగా తోచి ఉంటుంది. అది పోయాక, నమూనాలో పువ్వులన్నీ ఉన్నా వాటిలో లేతవి చూపుకు అందకుండా పోయి ఉంటాయి.